అచ్చుకాని అర పేజీ: నా అనుభవం

యూనివర్సిటీ సావనీర్ కోసం విద్యార్థులు తెచ్చిన ప్రకటనను పైవాళ్లు ఆపేస్తే ఎవరిని అడగాలో, ఏ కాగితం ఎక్కడ పెట్టాలో గత అక్టోబర్ దాకా నాకు తెలియదు. అడుగుదామంటే చెప్పేవాళ్లు కూడా దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు తేదీలతో రాస్తున్నాను. మాది దక్షిణ తెలంగాణ జిల్లాల్లోని ఒక విశ్వవిద్యాలయం. పేరు రాయను. జూన్‌కల్లా నేను బయటపడతాను గానీ మా జూనియర్లు ఇంకా అక్కడే చదువుకోవాలి.

దసరా సెలవులయ్యాక, 2025 అక్టోబర్ 13న వార్షికోత్సవ సావనీర్ కోసం విద్యార్థుల కమిటీ వేశారు. ఎంఏ రెండో సంవత్సరం నుంచి నన్ను తీసుకున్నారు. మా పైన ఒక కన్వీనర్ సార్. 80 పేజీలు, 500 కాపీలు, కవర్లు మాత్రం మల్టీకలర్. టౌన్‌లోని ప్రెస్ ఆయన 58,000 ఎస్టిమేట్ ఇచ్చాడు. యూనివర్సిటీ ఇచ్చేది 20,000. మిగతాదంతా ప్రకటనలతో రాబట్టుకోవాలి. వెనక కవర్ 12,000, ఫుల్ పేజీ 5,000, అర పేజీ 3,000, పావు పేజీ 1,500 అని రేట్లు పెట్టుకుని, రసీదు బుక్కు కొట్టించుకుని బయల్దేరాం.

ప్రకటనల కోసం తిరగడం వేరే చదువు. కోచింగ్ సెంటర్ల వాళ్లు రేపు రమ్మంటారు, ఆ రేపు ఎప్పటికీ రాదు. బట్టల షాపుల వాళ్లు ఐదు వందలు చేతిలో పెట్టి "పేరు వెయ్యకున్నా సరే, మళ్లీ రాకుండ్రి" అంటారు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే ఒకాయన ఫుల్ పేజీకి డబ్బులిచ్చి, మ్యాటర్ ఏం పెట్టాలని అడిగితే "మా నాయిన ఫొటో ఒక్కటి పెట్టుండ్రి, సాలు" అన్నాడు. మా అమ్మాయిలకు ఆర్టీసీ బస్సుల్లో మహాలక్ష్మి పథకం జీరో టికెట్ ఉంది కాబట్టి బస్సు ఖర్చు లేదు. అబ్బాయిలు జేబులోంచి పెట్టుకోవాలి. దాంతో దూరపు ఊళ్లన్నీ అమ్మాయిల వంతుకే వచ్చాయి.

వచ్చినవాటిలో రెండింటిని మేమే వద్దన్నాం. ఒకటి బెట్టింగ్ యాప్‌ది. మా రేటుకు రెండింతలు ఇస్తామన్నారు. ఇంకొకటి "ప్రాజెక్టు రిపోర్టులు రాసిస్తాం, థీసిస్ చేసిస్తాం" అనే ఒక సెంటర్‌ది. కమిటీలో గంటసేపు వాదించుకుని, ఎందుకు వెయ్యడం లేదో రెండు ముక్కల్లో రాసి వాళ్లకు వాట్సాప్‌లో పంపాం. ప్రకటన ఇచ్చిన ప్రతివాళ్లదీ అచ్చువేయాలన్న వాదన నాది కాదని ముందే చెప్పడానికి ఇది రాస్తున్నా.

నవంబర్ 5న మిర్యాలగూడలో ఒకన్న కలిశాడు. చిన్న మొబైల్ షాపు. కులాంతర పెళ్లిళ్లు చేసుకున్న కొన్ని జంటలు కలిసి పెట్టుకున్న సంఘంలో ఆయనొకడు. అర పేజీకి 3,000 ఫోన్‌పేలో కొట్టి, మ్యాటర్ తనే రాసిచ్చాడు. పైన పెద్ద అక్షరాల్లో "కులం దాటి పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారా? భయపడకండి, చట్టం తెలుసుకోండి" అని. కింద 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహాధికారికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న సంగతి, ఇద్దరిలో ఒకరు ఎస్సీ అయితే ప్రభుత్వం ఇచ్చే 2.5 లక్షల ప్రోత్సాహకం, బెదిరింపులు వస్తే పోలీసు రక్షణ అడగొచ్చని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట, ఒక ఫోన్ నంబర్. అన్నిటికన్నా కింద ఒక్క వాక్యం: "పరువు పేరుతో ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదు."

మిర్యాలగూడ వాళ్లకు ఆ వాక్యం ఎందుకు రాయాలనిపిస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 14న అక్కడే ఆసుపత్రి బయట, కులం దాటి పెళ్లి చేసుకున్నాడని, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే ఒక యువకుడిని నరికేశారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ తీర్పు వచ్చిన ఏడాదే మా సావనీర్ వస్తోంది. కమిటీలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. 47వ పేజీ కింది సగంలో పెట్టాం.

నవంబర్ 19న వీసీ గారి సందేశం కోసం, ఒకసారి చూసిస్తారని ప్రూఫ్ మొత్తం ఆఫీసుకు పంపాం. 22న సాయంత్రం ప్రెస్‌లో డీటీపీ చేసే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, 47ల కింద యాడ్ తీసెయ్యమన్నరు. దాని ప్లేసుల ఏం పెట్టాలె?" ఎవరు తీయమన్నారంటే "సార్ ఫోన్ జేసిండు" అన్నాడు. ఏ సారో అతనికీ సరిగా తెలియదు. నేను ఎడిటర్లలో ఒకదాన్ని. మా సంచికలోంచి ఒక ముక్క పోయిందని నాకు ప్రెస్ అబ్బాయి చెప్తే తెలిసింది.

24న కన్వీనర్ సార్‌ను కలిశాం. "పైనుంచి చెప్పారమ్మా, నా చేతుల్లో లేదు" అన్నారు. పైన అంటే ఎవరు సార్ అంటే నవ్వారు. 27న డీన్ గారి దగ్గరికి వెళ్తే "నేనేమీ చెప్పలేదు, అది మీ కమిటీ నిర్ణయమే కదా" అన్నారు. కమిటీ మేమే సార్, మేం తీయలేదు అంటే కాసేపు ఆగి, సర్పంచ్ ఎన్నికల కోడ్ ఉంది, ఇప్పుడు కులం గొడవలు వద్దన్నారు. సర్పంచ్‌గా నామినేషన్ వేయబోతున్న ఒకాయన దండం పెడుతున్న ఫొటోతో శుభాకాంక్షలు అదే సావనీర్ 62వ పేజీలో ఉన్నాయి. కోడ్ ఆ పేజీదాకా రాలేదు.

రిజిస్ట్రార్ పేషీలో పదకొండు నుంచి లంచ్ దాకా కూర్చోబెట్టి, సార్ మీటింగ్‌కు హైదరాబాద్ పోయారన్నారు. పొద్దున్నే పోయారట. ఆ మాట పదకొండింటికే చెప్పొచ్చు. ఇలా వెళ్లిన ప్రతిచోటా ఒక కొత్త కారణం వినిపించేది. తల్లిదండ్రులు గొడవ చేస్తారని ఒకరు, ప్రకటనలో ఫోన్ నంబర్ ఉండకూడదని ఇంకొకరు (కోచింగ్ సెంటర్ల నంబర్లు అరడజను ఉన్నాయి), భాష రెచ్చగొట్టేలా ఉందని మరొకరు. ఒక మేడం మాత్రం తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా "మీరు చేసింది తప్పు కాదు. కానీ ఎవరూ సంతకం పెట్టరు, నన్నడక్కండి" అన్నారు. ఆ ఆఫీసులన్నిటిలో నేను నమ్మిన మాట అదొక్కటే.

సర్దుబాటు కూడా ప్రయత్నించాం. మిర్యాలగూడ అన్నకు ఫోన్ చేసి చెబితే, చివరి వాక్యం తీసేయడానికి ఒప్పుకున్నాడు. పైన హెడ్డింగ్ కూడా "కులాంతర వివాహాలు: ప్రభుత్వ పథకాలు, చట్టాలు" అని మార్చాం. చదివితే సాంఘిక సంక్షేమ శాఖ కరపత్రంలా తయారైంది. నవంబర్ 29న ఇచ్చాం. డిసెంబర్ 1న కన్వీనర్ సార్ ఫోన్‌లోనే "అది కూడా వద్దంటున్నారు" అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది, భాష గొడవ కాదిది. కమిటీలో ముగ్గురు ఇక వదిలేద్దామన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ సార్లే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు బోనఫైడ్ ఇచ్చేది ఆ ఆఫీసే. ఒకమ్మాయి "మా ఇంట్ల తెలిస్తే సదువు మాన్పిస్తరే" అని ఏడ్చింది.

డబ్బులు తిరిగి ఇస్తానని చెప్పడానికి అన్నకు ఫోన్ చేశా. ఆయన అన్న మాట వల్లే ఈ కథ ఇంత దూరం వచ్చింది. "పైసలు వద్దు చెల్లె. మాది వెయ్యం అని ఒక్క కాగితం మీద రాసిప్పియ్యి. ఏడికి పోయినా జాగ లేదంటరు, రేపు రమ్మంటరు. వద్దని రాసిచ్చినోడు ఒక్కడు లేడు." ప్రకటన వేయించే సంగతి అటుంచి, కాగితం మాత్రం ఇప్పిస్తానని చెప్పా.

కోర్టుకు వెళ్లొచ్చా అని జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్న మా సీనియర్ అన్నను అడిగాను. హోటల్‌లో టీ తాగుతూ చెప్పాడు. 1959లో హమ్‌దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు, మందుల ప్రకటనల గురించి మాట్లాడుతూ, వ్యాపార ప్రకటనను భావప్రకటనా స్వేచ్ఛ కింద లెక్కవేయలేమంది. 1995లో టాటా ప్రెస్ కేసు, ఎల్లో పేజీల (వ్యాపారుల ఫోన్ నంబర్లు, ప్రకటనలు ఉండే పుస్తకం) మీద వచ్చింది, అందులో వ్యాపార ప్రకటన కూడా రాజ్యాంగంలోని 19(1)(ఎ), అంటే భావప్రకటనా స్వేచ్ఛ కిందికే వస్తుందని చెప్పింది. మీదైతే వ్యాపారం కూడా కాదు, చట్టం గురించిన సమాచారం, ఇంకా బలం అన్నాడు. నాకు హుషారొచ్చింది. వెంటనే "మాట్లాడే హక్కు వేరు, ఫలానా పుస్తకంలో నాది అచ్చెయ్యి అని పట్టుబట్టే హక్కు వేరు. కోర్టు అది ఒప్పుకుంటదని గ్యారంటీ ఇవ్వలేను. కానీ యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థ, ఒకరికి ఒకటి ఇంకొకరికి ఒకటి చెయ్యొద్దు, చేస్తే కారణం చెప్పాలె" అన్నాడు. హైకోర్టులో రిట్ వేయాలంటే అటూ ఇటూ 25,000 అవుతుందన్నాడు. మా ప్రకటన విలువ 3,000. అంతటితో ఆ దారి వదిలేశాం.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్, ఆయన ఈ గొడవలో లేరు, అమెరికా సంగతి ఒకటి చెప్పారు. 2001లో డేవిడ్ హోరోవిట్జ్ అనే రచయిత, నల్లజాతి వాళ్లకు బానిసత్వానికి పరిహారం ఇవ్వడం తప్పుడు ఆలోచన అంటూ అక్కడి విద్యార్థి పత్రికలకు డబ్బులిచ్చి ప్రకటన పంపాడు. చాలా పత్రికలు తిరస్కరించాయి. బర్క్‌లీలో డైలీ కాలిఫోర్నియన్ వేసి, తర్వాత క్షమాపణ చెప్పింది. బ్రౌన్ యూనివర్సిటీలో విద్యార్థుల పత్రిక అచ్చువేస్తే, కోపమొచ్చిన విద్యార్థులు ఆ వారంలోనే ఒక సంచిక కాపీలన్నీ ఎత్తుకుపోయారు. నాకు ఆ ప్రకటనంటే కంపరం. నేనే ఎడిటర్నైతే వేసేదాన్ని కాదు. కానీ వేసినవాళ్లు, తిరస్కరించినవాళ్లు, క్షమాపణ చెప్పినవాళ్లు, అందరూ విద్యార్థి ఎడిటర్లే. తిట్లు కూడా వాళ్లే పడ్డారు. మా సంచికలో నిర్ణయం ఎవరిదో మాకే తెలియదు, ఇక తిట్టాలంటే ఎవరిని తిట్టాలి?

ఇక కాగితాల సంగతి. డిసెంబర్ 2న కమిటీలో మిగిలిన వాళ్లం సంతకాలు చేసి, ప్రకటన ఎందుకు తీశారో రాతపూర్వకంగా చెప్పమని వినతిపత్రం తీసుకెళ్లాం. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో క్లర్క్ చదివి, సార్ చూస్తే గానీ నంబర్ వెయ్యనన్నాడు. నంబర్ పడితే గానీ సార్ దగ్గరికి పోదు. అక్కడే తేలిపోయింది. పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టర్డ్ పోస్ట్ అడిగితే, అది 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయిందన్నారు. చేరినట్టు రుజువు కావాలంటే స్పీడ్ పోస్ట్ చేసేటప్పుడే విడిగా అడిగి డబ్బు కట్టాలి. మీరు అడక్కపోతే వాళ్లు చెప్పరు. 4న చేరింది. ఈ రోజు వరకు దానికి జవాబు లేదు.

డిసెంబర్ 8న సమాచార హక్కు దరఖాస్తు వేశా. ఫీజు పది రూపాయలు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్లు మా దగ్గరి పోస్టాఫీసులో అయిపోయాయన్నారు, హెడ్ పోస్టాఫీసులో దొరికాయి. ఎవరి పేరు మీద తీయాలో ఎవరూ గట్టిగా చెప్పలేదు. అకౌంట్స్ ఆఫీసర్ పేరు మీద తీశాను, తిప్పి పంపలేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లయితే ఆ రుజువు జతచేస్తే ఫీజే అక్కర్లేదు. ముఖ్యమైన సంగతి: ఎందుకు తీశారు అని అడిగితే జవాబు రాదు. ఫైల్లో ఉన్న కాగితం ఇవ్వడమే వాళ్ల బాధ్యత, లేని కారణాన్ని కొత్తగా రాసివ్వడం కాదు. అందుకని మా లాయరన్న "ఎందుకు" అన్న మాటలన్నీ కొట్టేయించి ఇలా రాయించాడు: సావనీర్ ఆమోదానికి సంబంధించిన నోట్ ఫైల్ (అధికారులు రాసుకున్న నోట్‌లు, సంతకాలు ఉండే ఫైలు) మొత్తం నకలు, ప్రకటనల మీద అమల్లో ఉన్న నియమాల నకలు, 47వ పేజీ మార్చమని ఆదేశించిన అధికారి హోదా తెలిపే కాగితం నకలు.

ఈలోగా ఊరికి వెళ్లాను. సర్పంచ్ ఎన్నికలు డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో జరిగాయి. మాది దేవరకొండ వైపు, చివరి విడత. ఓటుకని 16న రాత్రి ఇంటికి చేరేసరికి అమ్మ మాట్లాడలేదు. నాన్న బత్తాయి తోటలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిన్నాక అడిగాడు.

"సదువుకునే కాడ పెండ్లిండ్ల పంచాది నీకెందుకు బిడ్డా?"

ఎవరో ఫోన్ చేశారట. మీ అమ్మాయి కులాంతర పెళ్లిళ్లు చేసే సంఘంలో తిరుగుతోంది, చూసుకోండి అని. పేరు చెప్పలేదు, నంబర్ మళ్లీ చేస్తే కలవలేదు. మా నాన్న నంబర్ హాస్టల్ రిజిస్టర్‌లోనూ అడ్మిషన్ ఫారంలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరు చేశారో నాకు తెలియదు, అనుమానాలు రాయను. కానీ ఆ రాత్రి పడ్డ టెన్షన్ రెండేళ్ల పరీక్షల్లోనూ పడలేదు. యూనివర్సిటీలో ఎవరైనా అరిచినా తట్టుకుంటాం. ఇంట్లో అమ్మ మొహం చూడకుండా కంచం పెడితే తట్టుకోలేం.

"ఎవరన్న ఉన్నరా? ఉంటే నాకు జెప్పు. ఇంకొకలు జెప్తే ఇనుడు నాకు బాగనిపిస్తలేదు" అన్నాడు నాన్న. ఎవరూ లేరని చెప్పి, ఫోన్‌లో ఉన్న ప్రూఫ్ తీసి చూపించాను. కళ్లద్దాలు తెప్పించుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు. ఏం అంటాడో అని నా గుండె దడదడలాడుతుంటే, "ఈ రెండున్నర లక్షలు నిజంగనే ఇస్తరా? మన ఎంకన్న కొడుకు హైదరాబాద్ పోయి చేసుకున్నడు గద, వానికి వస్తదా?" అని అడిగాడు. తెలుసుకుని చెప్తానన్నాను. అమ్మ మాత్రం పొద్దున ఓటుకు పోయేటప్పుడు కూడా మాట్లాడలేదు. సంక్రాంతికి గానీ మామూలు కాలేదు.

డిసెంబర్ 19న సావనీర్ ఆవిష్కరణ. ఆ జాగా ఖాళీగా వదలమని మేం ప్రెస్ ఆయన్ను బతిమాలాం. ఎమర్జెన్సీలో, 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సెన్సార్‌షిప్‌కు నిరసనగా సంపాదకీయం చోటు ఖాళీగా వదిలిందని కమిటీలో ఒకడు చదివి వచ్చాడు. ప్రెస్ ఆయన "ఖాళీ ఇడిస్తే నా ప్రింటింగ్ తప్పనుకుంటరమ్మా, బిల్లు ఆపుతరు" అన్నాడు. ఆయన బాధ ఆయనది. చివరికి అక్కడ నల్లా బొమ్మ, "నీటిని పొదుపు చేయండి" అని నినాదం వచ్చాయి. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి పెరిగినవాళ్లం, నీళ్ల మీద నినాదమంటే నాకు చిన్నచూపు లేదు. కానీ ఆ బొమ్మలో నల్లా మన నల్లాలా కూడా లేదు.

వెనక కవర్ లోపలి వైపు మల్టీకలర్‌లో ఒక మ్యారేజ్ బ్యూరో ప్రకటన ఉంది. ఫలానా కులం వారికి ప్రత్యేకం, డాక్టర్లు, సాఫ్ట్‌వేర్, ఎన్నారై సంబంధాలు, రెండు ఫోన్ నంబర్లు. 8,000 ఇచ్చారు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. దాన్ని తీసేయించండి అని కొందరు నాకు సలహా ఇచ్చారు. నేను అడగలేదు, అడగను. కులంలో పెళ్లి గురించి ఒక పేజీ వేసిన పుస్తకంలో కులం దాటిన పెళ్లి గురించి అర పేజీకి చోటు లేకపోవడం మీదే నా గొడవ.

మిర్యాలగూడ అన్న 3,000 వెనక్కి తీసుకోనన్నాడు. ఆ డబ్బు యూనివర్సిటీ లెక్కల్లో ఉండటానికీ వీల్లేదు, ఎందుకంటే ప్రకటనే లేదు. కన్వీనర్ సార్ జనవరి మొదటి వారంలో నగదుగా ఇచ్చి, నా చేత రసీదు మీద సంతకం చేయించుకున్నారు. రసీదు మీద "ప్రకటన రద్దు" అని ఉంది, ఎవరు రద్దు చేశారో లేదు. ఆ డబ్బుతో అన్న అదే మ్యాటర్, చివరి వాక్యంతో సహా, కరపత్రాలు కొట్టించాడు. లోపల పంచాలంటే అనుమతి కావాలి కాబట్టి గేటు బయట, బస్టాప్ దగ్గర పంచారు. సావనీర్ 500 కాపీల్లో సగం ఇంకా డిపార్ట్‌మెంట్ గదిలో కట్టలుగానే ఉన్నాయి.

సమాచార హక్కు జవాబు గడువులోపే వచ్చింది, జనవరి 7 తేదీతో. సంక్రాంతి సెలవుల వల్ల 19న నా చేతికందింది. "సదరు నియమావళి ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు. పేజీల ఎంపిక ఎడిటోరియల్ కమిటీ పరిధిలోనిది." నోట్ ఫైల్ గురించి ఒక్క ముక్క లేదు. మొదటి అప్పీలు 30 రోజుల్లోపు వేయాలి, మేం వేసిన దానికి ఫీజేమీ పడలేదు. కమిటీ సభ్యులం తీయలేదని మేమే సంతకాలు చేసిన కాగితం, పాత వినతిపత్రం చేరిన రుజువు జతచేసి 23న పంపాను. స్పీడ్ పోస్ట్ రుజువు అక్కడ అక్కరకొచ్చింది.

ఫిబ్రవరి 17న విచారణకు పిలిచారు. పదకొండుకు రమ్మని ఒకటిన్నరకు లోపలికి పంపారు. అప్పీలు వినే అధికారి, నాకు జవాబిచ్చిన అధికారి పక్కపక్కన కూర్చుని టీ తాగుతున్నారు. ఇద్దరివీ ఒకే కారిడార్‌లో గదులు. తోడు ఒకరిని తీసుకెళ్లొచ్చు, తప్పకుండా తీసుకెళ్లండి. ఒక్కళ్లమే ఉంటే గొంతు పెగలదు. "ఎందుకమ్మా ఇదంతా, పరీక్షలు దగ్గరికొస్తున్నాయి కదా" అన్నారు పెద్దసారు. మాటలో కోపం లేదు, నిజంగానే అర్థం కానట్టు అడిగారు. నోట్ ఫైల్ అడిగాను సార్, ఇవ్వలేదు, లేదని కూడా రాయలేదు అన్నాను. ఆయన ఫైలు తెప్పించి తిరగేశారు. రెండో ఆయన వైపు చూశారు. పది నిమిషాల్లో అయిపోయింది. 20న ఆర్డర్ వచ్చింది, నకళ్లు ఇవ్వమని. మూడు పేజీలు, పేజీకి 2 రూపాయలు. ఆరు రూపాయలు కట్టడానికి చలాన్ రాసి, ఒక సంతకం పెట్టించి, క్యాష్ కౌంటర్ మూసే వేళకు కట్టగలిగాం.

మొదటి పేజీలో బడ్జెట్ ప్రతిపాదన. రెండో దాంట్లో వీసీ సందేశానికి ఆమోదం. మూడో పేజీలో మా ప్రూఫ్ పేజీల జాబితా, 47 చుట్టూ గుండ్రంగా గీత, పక్కన మార్జిన్‌లో ఇంగ్లిష్‌లో "యాజ్ డిస్కస్డ్. మే బీ రీప్లేస్డ్." కింద పొట్టి సంతకం, 21-11-2025. అంతే. ఎవరితో డిస్కస్ చేశారో, ఏం డిస్కస్ చేశారో ఫైల్లో లేదు. సంతకం ఎవరిదో మాకు తెలుసు, అది రాయను.

జెరాక్స్ తీసి అన్నకు వాట్సాప్‌లో పంపాను. "కాగితమైతే వచ్చింది. కారణం ఏడుంది చెల్లె?" అన్నాడు.

మార్చి మొదటి వారంలో యూనివర్సిటీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఇకపై సావనీర్లు, ఫెస్ట్ బ్రోషర్లు, ఫ్లెక్సీలు, ఏ ప్రకటనైనా ముందుగా ఫారం నింపి అనుమతి తీసుకోవాలి. "సున్నితమైన అంశాలు" ఉండకూడదు. ఏది సున్నితమో చెప్పలేదు. మా జూనియర్లకు ఇది కొత్త తలనొప్పి, నా వల్లే వచ్చిందని ఒకడు మొహం మీదే అన్నాడు. కానీ ఆ ఫారంలో చివర "తిరస్కరించిన పక్షంలో కారణం" అని ఒక గడి, అధికారి పేరు, హోదా, తేదీ గడులు ఉన్నాయి. ఇంతకుముందు అవి లేవు. వచ్చే ఏడాది కమిటీకి వెళ్లే అమ్మాయికి చెప్పాను, అదే ప్రకటన మళ్లీ పెట్టు, ఫారం ఇన్‌వార్డ్‌లో ఇవ్వకుండా స్పీడ్ పోస్టులో పంపు అని. ఆలోచిస్తానంది.

రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వేయాలి, 90 రోజుల గడువు, అంటే నాకు మే మూడో వారం దాకా ఉంది. అక్కడ 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేరు, 2025 మేలో నియమించారు. పాత అప్పీళ్ల కుప్ప ముందుంది. నాకు ఏప్రిల్‌లో పరీక్షలు. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాను, పరీక్షలు కాగానే పంపుతాను. రెండో అప్పీలు దాకా వెళ్లినవాళ్లెవరైనా ఉంటే, విచారణకు పిలుపు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో, హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చిందో లేదో చెప్పండి.